ఆటకి వీపు పెట్టి

నేను బండి దిగలేదు. ముందు అది రాయమ్మా రోషెల్, మిగతాదంతా తర్వాత. చిలగడదుంప బౌల్‌కి, మన కాలేజీ జట్టు ఏడాది చివర ఆడే ఆ పెద్ద ఫుట్‌బాల్ ఆటకి, నువ్వు టికెట్ పంపావు, మెట్ల పక్కన సీటు, నా మోకాలు గుర్తుపెట్టుకుని మరీ కొన్నావు. వస్తానన్నా. చూస్తానన్నా. బ్యాండ్ వాళ్ళమంతా కలిసి మైదానం మీద పెద్ద కొంగ బొమ్మలాగా నిలబడతాం తాతా, ఆ కొంగకి కన్ను నేనే, ఒక్కదాన్నే, ఒంటికి ఆ ఇత్తడి బూరా చుట్టుకుని నిలబడతా, పైనుంచి చూస్తే ఎండకి కన్ను మెరుస్తుంది అన్నావు. సరేనమ్మా అన్నా. తీరా ఆట మొదలయ్యే వేళకి నీ తాత లోపల లేడు. బయట, పార్కింగులో, ఆఖరి వరసలో, తన పికప్ బండిలో కాళ్ళ మీద దుప్పటి వేసుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతా, నా మాట నిదానం, నువ్వు తొందరపెట్టకు.

డిసెంబరు ఎండ నీకు తెలుసుగా, అద్దంలోంచి వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది, పిల్లిలాగా, బరువు లేకుండా. మాంసం కాల్చిన పొగ ఇంకా బండ్ల మధ్య తిరుగుతోంది, మనుషులు లోపలికి పోయారు గానీ పొగ పోలేదు. అద్దం రెండు వేళ్ళంత దించి పెట్టా. చెవి అటు పెట్టా. నాకు కళ్ళు అక్కర్లేదమ్మా, లోపల ఏం జరుగుతోందో చప్పుడు చెబుతుంది. మనవాడు బంతి పట్టుకుని పరిగెత్తాడనుకో, చప్పుడు కింద వరసల్లో పుట్టి పైకి పాకుతుంది, ఒక్కొక్కరే లేచి నిలబడతారు గదా, అందుకని. వాళ్ళవాడు పరిగెత్తితే దూరపు గోడవైపు నుంచి వస్తుంది, కొంచెం పలచగా. బంతి జారిపోతే అసలు చప్పుడే కాదది, ఆరేసిన దుప్పటి తీగ మీంచి జారి నేల మీద పడ్డట్టు, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళు కాలేజీ జట్టు సామాన్ల లారీ తోలినవాణ్ణి, ఆ చప్పుడు వినే బతికా. కళ్ళు మూసుకుంటే ఏ ఊళ్ళో ఉన్నానో తెలియదు, ఏ ఏడో తెలియదు, అన్ని స్టేడియాలకీ ఒకటే గొంతు, ఈ చెవిలో పడ్డది ఇప్పటిదో ఎప్పటిదో, సామాన్ల లారీలో కూర్చున్నానో నా బండిలో కూర్చున్నానో.

ఆ లారీ. తెల్ల లారీ, పక్కన ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ, మన జట్టు గుర్తు. జట్టు విమానంలో పోయేది, నేను రెండు రోజుల ముందే బయల్దేరేవాణ్ణి, తొంభై హెల్మెట్లు, తొంభై జతల బూట్లు, భుజాల తొడుగులు, తువ్వాళ్ళు, తడి తోలు వాసన. రాత్రంతా తోలితే వెనకాల హెల్మెట్లు ఒకదాన్నొకటి తాకుతూ గొణుక్కుంటూ ఉండేవి, పిల్లలు నిద్రలో మాట్లాడినట్టు. మొదటి బౌల్ డెబ్భై తొమ్మిదిలో, రొయ్యల బౌల్, సముద్రం పక్క ఊరు. లారీ వెనక తలుపు తాళం విరిగింది. కాపలా ఉండరా ఓజెల్ అన్నాడు మా కోచ్, గార్లాండ్ గారు. ఉన్నా. వాన పడుతోంది, నేను బూట్ల పెట్టె మీద కూర్చుని రొట్టె తింటున్నా, మనవాళ్ళు గెలిచారు. అప్పటికి ఎవరికీ ఏమీ తోచలేదు. రెండేళ్ళ తర్వాత ఇంకో బౌల్, తాళం బాగుంది, లోపలికి పోయి ఆటగాళ్ళ వెనక నిలబడ్డా, వాళ్ళ వీపులు తప్ప ఏమీ కనపడలేదు, కొత్త చొక్కా కూడా వేసుకున్నా. నలభై–మూడు. మూడు మనవి. ఆ మూడు కూడా నేను నీళ్ళు తాగడానికి బయటికి వచ్చినప్పుడు వచ్చాయి.

అది గార్లాండ్ గారు చూశాడు. ఆయన కంటపడనిది ఉండేది కాదు. మరుసటి ఏడాది బౌల్‌కి పోయేటప్పుడు అందరి ముందూ, పిల్లలు వింటుండగా, "ఒరే ఓజెల్, నువ్వు లోపల అడుగుపెట్టావంటే కాళ్ళు విరగ్గొట్టి లారీకి కట్టేస్తా" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశా. నవ్వలేదు. బయటే ఉన్నా, గెలిచారు. ఎనభై ఎనిమిదిలో బయట, గెలిచారు. తొంభై ఒకటి, తొంభై ఏడు, రెండువేల రెండు. కోచ్‌లు మారారు, కానీ కొత్త కోచ్‌కి పాతాయన తాళంచేతులతో పాటు ఈ ముక్క కూడా అప్పజెప్పి పోయేవాడు. లారీ దగ్గరికి వచ్చి నా చేతిలో పంది మాంసం రొట్టె పెట్టి, భుజం తట్టి, "ఇక్కడే గదా మీరు?" అని అడిగి పోయేవాడు, చదువుకున్నవాడు, టై కట్టుకున్నవాడు. ఆరుసార్లు బయట, ఆరు గెలుపులు. ఒక్కసారి లోపల, ఒక్క ఓటమి. నేను బడికి పోయింది అయిదేళ్ళే గానీ ఈ లెక్కకి బడి అక్కర్లేదు గదా.

మీ అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. వెల్డా. "నువ్వు బయట కూర్చుంటే వాళ్ళు గెలిచేట్టయితే ఆ కోచ్‌కి అంత జీతం దేనికి, ఆ సొమ్మేదో నీకే ఇవ్వమను" అనేది. అనేది గానీ దాని చేయి పడకుండా ఏ బౌలూ జరగలేదు. బౌల్‌కి పోయే ముందు చొక్కాలన్నిటికీ ఎడం ఛాతీ మీద ఆ బౌల్ గుర్తు కుట్టాలి, చిన్న గుండ్రటి గుడ్డముక్క, అవి ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవి, లారీ కదలడానికి రెండు రోజుల ముందు. మన వంటింటి బల్ల మీద తొంభై ఎర్ర చొక్కాలు, కుర్చీల మీద, పొయ్యి మీద కూడా. సూది నోట్లో పెట్టుకుని మాట్లాడేది. "ఇది రొయ్యా తేలా? తేలు గుర్తు కుడుతున్నానంటే పిల్లల్ని కుట్టదూ?" నలభై నాలుగో నెంబరు వాడికి వంకరగా పడింది. విప్పి కుట్టవే అన్నా. "గడియారం నాకోసం ఆగుతుందా? వంకరైనా ఊడదు" అంది. ఆ నలభై నాలుగు వాడే, హొరేస్ పెట్టస్, మూడుసార్లు బంతితో చివరి గీత దాటి పాయింట్లు తెచ్చాడు ఆ రోజు. తర్వాత బౌల్ నుంచి పిల్లలు వరసకట్టి వచ్చేవాళ్ళు మన గుమ్మంలోకి, అంతెత్తు పిల్లలు తలుపుకి తల వంచి, ఆంటీ నాది కొంచెం వంకరగా కుట్టవా అని. అందరికీ వంకరగా కుడితే ఇంక అది వంకరెట్లా అవుతుందిరా అని తిట్టేది. తిడుతూనే కుట్టేది.

ఒక్కసారి అడిగింది, లోపల ఎట్లా ఉంటుంది అని. దీపం తీసేశాం, పడుకున్నాం, చీకట్లో అడిగింది. నేను చెప్పలేకపోయా. చప్పుడు చెప్పగలను గానీ చూపు చెప్పలేను. "ఒకసారి ఇద్దరం పోదాం. ఓడితే ఓడనీ" అంది. నేను రిటైరయ్యాక పోదాంలే అన్నా. రిటైరయ్యా. కొంగలు ఇంక ఎగరలేదు. ఆరు ఆటలు గెలిస్తేనే బౌల్‌కి పిలుస్తారు, ఏడాదికి నాలుగు, అయిదు, రెండు, ఒక ఏడు ఒకటి. ఇరవై రెండేళ్ళు. వెల్డా పోయి ఎనిమిదేళ్ళు. ఈ ఏడు సరిగ్గా ఆరు గెలిచారు, నువ్వు బ్యాండ్‌లో చేరిన ఏడే. ఇంటికి ఫోన్ చేసి అరిచావు. ఫోన్ పెట్టేశాక నేను వంటింటి బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నా. ఇప్పుడు గుర్తులు కంపెనీ వాళ్ళే కుట్టి పంపుతారట, అన్నీ తిన్నగా.

అదీ సంగతి. ఆ పొద్దున నేను లోపలికి పోదామనే వచ్చా, అది కూడా రాయి. ఎర్ర టోపీ పెట్టుకున్నా, టికెట్ టోపీ పట్టీలో దోపుకున్నా. బండి దిగబోతుంటే థర్మన్ చూశాడు. ఆ బట్టతల థర్మన్, చెక్క మిల్లు పక్కన మంగలి షాపు వాడే, ఇంత పొయ్యి బండికి తగిలించుకుని వచ్చాడు, వాడి వెనక మన ఊరు సగం ఉంది. "బాబాయ్! ఏంటది టోపీలో? టికెట్టా?" అన్నాడు. చేతిలో ఉన్న గరిటె అట్లాగే గాల్లో ఆగిపోయింది. "మనవరాలు బ్యాండ్‌లో ఉందిరా" అన్నా. "ఉంటే? మీ మనవరాల్ని ఎవరిచేతైనా సెల్‌లో వీడియో తీయిద్దాం. ఇరవై రెండేళ్ళు బాబాయ్. నా పెళ్ళప్పుడు గెలిచారు, మళ్ళీ బౌల్‌కి వచ్చింది ఇప్పుడే. నువ్వు లోపలికి పోతే నీ గడ్డం నేను గీయను, చెబుతున్నా." అందరూ నవ్వారు. ఎదురు జట్టు వాళ్ళు, పొట్టేళ్ళ టోపీలు పెట్టుకుని అటుగా పోతున్నవాళ్ళు, "ఏం కొంగలూ, చేపలు దొరికాయా?" అని అరిస్తే, థర్మన్ "మటన్ దొరికింది, రండి కాలుస్తున్నాం" అన్నాడు. మళ్ళీ నవ్వారు. నవ్వులో ఎవరో నా బండి తలుపు మెల్లగా మూశారు. థర్మన్ భార్య చిలగడదుంప పెట్టి కాల్చిన తీపి రొట్టె పెద్ద ముక్క కోసి కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టింది, వేడిగా, పైన దాల్చినచెక్క వాసన. "కూర్చో మామయ్యా, చలిగా ఉంది" అంది. కోచ్‌లు ఇచ్చే రొట్టెకీ ఆ ముక్కకీ తేడా ఏముంది.

అప్పుడొక ఉపాయం తట్టింది నాకు. హాఫ్ టైంలో జట్లు లోపలికి పోతాయి, బ్యాండ్ వస్తుంది, అది ఆట కాదు గదా. ఆట నడిచినంతసేపూ బయట ఉంటా, హాఫ్ టైం కాగానే లోపలికి పోయి కొంగ కన్ను చూసి, మళ్ళీ బంతి తన్నేలోపు బయటికి వచ్చేస్తా. ఎవరికీ మాట తప్పను. ఇంత తెలివి నాకు ఎనభయ్యో ఏట వచ్చిందేంటా అని మురిసిపోయి ఆ తీపి రొట్టె తిన్నా. వాళ్ళంతా లోపలికి పోయారు. పార్కింగు ఖాళీ అయింది. లోపల డప్పులు మొదలయ్యాయి, ఆట ఇంకా మొదలుకాలేదు, డప్పులు, బూరాలు, మన కొంగల పాట, గోడ మీంచి కొంచెం కొంచెం ఒలుకుతోంది. బాగా వాయిస్తున్నారే అనుకున్నా. జేబులో ఫోన్ రెండుసార్లు బుర్రుమంది. నేను ఫోన్‌లో రాతలు చూడనని నీకు తెలుసు, ఆ చీమ అక్షరాలు. ఎండ ఒళ్ళో ఉంది. పాట వింటూ కళ్ళు మూసుకున్నా. ఎందుకో మన వంటిల్లు కనపడింది, ఎర్ర చొక్కాలు, వెల్డా నోట్లో సూది పెట్టుకుని ఆ పాటే కూనిరాగం తీస్తోంది, ఒక్కో చొక్కా మడిచి నా చేతికిస్తోంది, అవి తరగట్లేదు.

చప్పుడుని బట్టి మొదటి సగంలో మనవాళ్ళు రెండుసార్లు గీత దాటారు, వాళ్ళు ఒకసారి. తర్వాత పొడుగాటి అరుపు, తర్వాత గొణుగుడు. హాఫ్ టైం. దుప్పటి తోసేసి దిగా. మోకాలు పట్టేసింది, ఆఖరి వరస నుంచి గేటు దాకా నడిచేసరికి ఎంతసేపు పట్టిందో. గేటు దగ్గర పసుపు కోటు వేసుకున్న ఒకామె, లావుపాటి మనిషి, నా టికెట్ చూసింది, నా మొహం చూసింది. "ఇప్పుడొచ్చావేం పెద్దాయనా, సగం అయిపోయింది." బ్యాండ్ చూడాలమ్మా, నా మనవరాలు, అన్నా. "బ్యాండా? రెండు బ్యాండ్‌లూ మొదట్లోనే వాయించేశాయి కదా, ఆటకి ముందు. ఇప్పుడు టీవీ వాళ్ళ పాటగాడు. ఇది బౌల్ గదా, మీ ఇంటి దగ్గర లాగా కాదు. వినపడలేదా నీకు?"

వినపడింది, అన్నా.

బౌళ్ళకి ఏడుసార్లు పోయినవాణ్ణి. మైదానం మీద టీవీ వాళ్ళు ఎప్పుడు ఏం చేస్తారో సరిగ్గా ఒక్కసారి కూడా చూసిన పాపాన పోలేదు. లారీలో కూర్చుంటే ఎట్లా తెలుస్తుంది. నువ్వు ఎండలో ఒంటికి ఇత్తడి చుట్టుకుని నిలబడ్డప్పుడు, మెట్ల పక్కన ఖాళీ సీటు వైపు చూసి ఉంటావు. నేను తీపి రొట్టె తింటున్నా. ఆమె టికెట్ చింపి, చింపిన ముక్క నా చేతిలో పెట్టి, లోపలికి పోతావా పోవా అన్నట్టు చూసింది. వెనక్కి తిరిగి చూశా. పార్కింగంతా బండ్ల అద్దాలు మెరుస్తున్నాయి, నా బండి ఎక్కడుందో కంటికి ఆనలేదు. వెల్డా గొంతు చెవిలోనే ఉంది, ఓడితే ఓడనీ. కానీ అమ్మా, థర్మన్ కూడా ఉన్నాడు చెవిలో. ఇరవై రెండేళ్ళు అంటున్నాడు. రెండు గొంతులూ వింటూనే సొరంగం లాంటి దారిలోకి నడిచా, చల్లగా ఉంది, చివర వెలుగు. చూడకపోతే లోపల లేనట్టే గదా అని, ఆ వెలుగులోకి పోగానే చటుక్కున వెనక్కి తిరిగా, ఆటకి వీపు పెట్టి.

అట్లా గోడ పట్టుకుని పక్కకి నడిచా, పీతలాగా. మీ బ్యాండ్ మూలకి ఉంది, నేను మీ కింద కమ్మీకి వీపు ఆనించి నిలబడ్డా, నా మొహం మీ వైపు. ఒక కాపలావాడు వచ్చాడు, ఇరవై ఏళ్ళుంటాయి. "తాతా, ఆట అటు." "తెలుసు బాబూ." "మరి?" "నాకు ఇటు పని ఉంది." వాడు కాసేపు నన్ను చూసి, మిమ్మల్ని చూసి, తల గోక్కుని పోయాడు.

పై వరసలో ఉన్నావు నువ్వు. ఆరు బూరాలు, కుడి నుంచి రెండోది. నీ తల చుట్టూ ఆ ఇత్తడి, సూర్యుణ్ణి కట్టినట్టుంది. నన్ను చూడలేదు ఇంకా. నేను చూశా, తనివితీరా. మనవాళ్ళు పది గజాలు నెడితే నీ బుగ్గలు ఉబ్బుతాయి, చిన్న ముక్క వాయించి దించుతావు. బంతి వాళ్ళకి పోతే కింది పెదవి కొరుకుతావు, మీ అమ్మలాగే, అచ్చం. వాళ్ళు గీత దాటినప్పుడు కళ్ళు మూసుకుని నీలో నువ్వే ఏదో అనుకున్నావు. ఇరవై ఎనిమిదేళ్ళు చెవులతో చూసిన ఆటని ఆ గంటలో నీ మొహం మీద చూశా. ఎవరు ఎటు పరిగెత్తారో నాకు తెలుసు, ఎవరు పడ్డారో తెలుసు, ఎవడో పొట్టివాడు దూకి బంతి అందుకున్నాడని కూడా తెలుసు, ఎందుకంటే నువ్వు నీ పక్కవాడి చెయ్యి పట్టుకుని ఊపేశావు. నా వీపు వెనక వేలమంది ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, నాకు చల్లగా, కలలో ఉన్నట్టుంది. ఎండ నీ మీంచి మెల్లగా జరిగిపోతోంది. వెల్డా అడిగిన దానికి ఇప్పుడైతే చెప్పగలను, ఇట్లా ఉంటుందే అని.

అప్పుడు చూశావు నువ్వు. ముందు భయపడ్డావు, తాతకి ఏమైందో, తప్పిపోయాడో అని. తర్వాత నా వీపు ఎటుందో చూశావు. అర్థమైంది నీకు, మన ఇంట్లో తెలియనిది ఎవరికి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వావు, అంత దూరం నుంచీ కనపడింది. నవ్వి, వేలు గాల్లో గుండ్రంగా తిప్పావు, తిరుగు అని. నేను తల అడ్డంగా ఊపా.

ఆఖరి మూడు సెకన్లు. మనం రెండు పాయింట్లు వెనక. ఎలియట్ వచ్చాడని గోల చెప్పింది, బంతి తన్నే పిల్లాడు, నలభై ఒక్క గజాలు, రెండు స్తంభాల మధ్యకి కొడితే మూడు వస్తాయి, గెలుస్తాం. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దం నేను బయట చాలాసార్లు విన్నా, లోపల ఇంకా చిక్కగా ఉంటుంది. బ్యాండ్ మొత్తం మైదానం వైపు చూస్తోంది, ఒక్కరి కన్నూ కదలట్లేదు. నువ్వొక్కదానివి నన్ను చూస్తున్నావు. నోటితో అన్నావు, చప్పుడు లేకుండా, "తాతా, చూడు." వద్దని చెయ్యి ఊపా. నువ్వు చేతులు కట్టుకున్నావు. నేను చూసేదాకా నువ్వు చూడవు. ఇరవై రెండేళ్ళకి వచ్చిన బౌల్, నీ కాలేజీ, నీ జట్టు, ఆఖరి బంతి, దానికి నువ్వు మొహం తిప్పుకుని ముసలాడి కోసం కూర్చున్నావు. అయిదేళ్ళప్పుడు అన్నం తిననని ఇట్లాగే చేతులు కట్టుకునేదానివి.

తిరిగా.

బంతి అప్పటికే గాల్లో ఉంది. ఎంత మెల్లగా పోయిందమ్మా అది. నాకు తెలియదు అంత మెల్లగా పోతుందని, అన్నేళ్ళు చప్పుడు వినేవాణ్ణి, చప్పుడు త్వరగా అయిపోతుంది. అది మాత్రం తిరుగుతూ, వాలే ఎండలోంచి నీడలోకి, నీడలోంచి మళ్ళీ ఎండలోకి, ఎర్రగా, గోధుమరంగుగా. కింద పచ్చటి గడ్డి, తెల్లటి గీతలు, ఒక్కో మనిషీ బొమ్మలాగా ఆగిపోయి పైకి చూస్తున్నాడు. అంత అందంగా ఉంటుందని ఒక్కడూ చెప్పలేదు నాకు. కుడి స్తంభానికి తగిలింది. ఠంగుమని.

మనం ఓడింది గాలి వల్ల అంటున్నారు ఊళ్ళో అందరూ. కొందరు ఎలియట్‌ని అంటున్నారు, మంగలి షాపులో వాడి పేరు ఎత్తితే ఉమ్ముతున్నారు, కాలేజీ భోజనాల హాల్లోకి కూడా రావట్లేదట ఆ పిల్లాడు, గదిలోనే తింటున్నాడట, నువ్వే చెప్పావు మొన్న. అందుకే రాయమన్నా ఇదంతా. ఈ కాగితాలు పట్టుకుపోయి వాడికి చదివి వినిపించు. గాలీ కాదు, వాడి కాలూ కాదు. నా మనవరాలు చూడమంది, నేను తిరిగా. మళ్ళీ అడిగినా తిరుగుతానని కూడా రాయి, దాచద్దు. వాడు నవ్వితే నవ్వనీ, ముసలాడికి పిచ్చి అనుకుంటే అనుకోనీ, భోజనానికి మాత్రం కిందికి తీసుకురా.

థర్మన్‌కి మాత్రం చెప్పకు. శనివారం నేను గడ్డం గీయించుకోవాలి.